మూడు దినుసుల మందు: తుపాకిమందు ఇంట్లో చేసుకోవాలన్న సరదాలో చిక్కు ఎక్కడుంది?

ఇంగ్లీషులో దీన్ని బ్లాక్ పౌడర్ అంటారు. మాటకు మాట తెలుగులోకి తెస్తే నల్లమందు అవుతుంది. అది మళ్లీ అభిని, మత్తు వ్యవహారం, మన కథతో సంబంధం లేదు. దీనికి మనవాళ్లు పెట్టుకున్న పేరు తుపాకిమందు. వైద్యుడు ఇచ్చేదీ మందే, గ్లాసులో పోసేదీ మందే, గొట్టంలో దట్టించేదీ మందే. మూడో అర్థం కొంచెం వింతగా ఉంటుంది గానీ, దీన్ని కనిపెట్టిన చైనావాళ్లు కూడా అదే మాట వాడారు. వాళ్లు పెట్టిన పేరు హ్వోయావ్, అంటే అగ్గిమందు. చావు లేకుండా చేసే ఔషధం కోసం ఖనిజాలను కలిపి, కాచి చూసే తావో అనే చైనా మతపు సాధకుల చేతుల్లో ఇది పుట్టిందని చరిత్రకారులు చెబుతారు. 9వ శతాబ్దపు తావో గ్రంథం ఒకదానిలో ఈ మిశ్రమం ప్రస్తావన ఉంది. లోకంలో దీని గురించి దొరికే తొలి రాతల్లో అదొకటి. అందులో ఉన్నది తయారీ పద్ధతి కాదు, హెచ్చరిక. కొందరు గంధకం, మనశ్శిల (ఆర్సెనిక్ ఉన్న ఎర్ర ఖనిజం), సురేకారం (పొటాషియం నైట్రేటు) తేనెతో కలిపి వేడిచేశారట. పొగ, మంట లేచి చేతులు, ముఖాలు కాలాయట. చివరికి వాళ్లున్న ఇల్లే తగలబడిందట.

అంటే తుపాకిమందు చరిత్ర మొదలైందే ఇంట్లో జరిగిన ప్రమాదంతో. చేతులు కాలాకే ఎవరో కలం పట్టుకున్నారు.

వెయ్యేళ్లు దాటినా ఆ సరదా చావలేదు. పాత ఫిరంగుల నమూనాలు చేయించుకుని పేల్చేవాళ్లున్నారు. అమెరికా అంతర్యుద్ధం నాటి పోరాటాలను వేషాలు కట్టి మళ్లీ ఆడి చూపేవాళ్లున్నారు. గొట్టం మూతినుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకులతో గురి చూసేవాళ్లు, బాణసంచా సొంతంగా చుట్టుకునేవాళ్లు సరేసరి. అందరికీ కావలసింది ఈ ఒక్క పొడే. కొన్నాళ్లు కొనుక్కుని వాడాక వాళ్లలో కొందరికి బుర్రలో ఒక పురుగు దొలుస్తుంది: ప్రతిసారీ కొనడమెందుకు, చేసుకుంటే పోలా?

ఆ ఆలోచన వెనకున్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. ఉన్నవి మూడే దినుసులు: సురేకారం, గంధకం, బొగ్గు. వాటి పాళ్లు 1044లో, సోంగ్ చక్రవర్తుల కాలంలో వెలువడిన యుద్ధవిద్యా సంకలనంలోనే రాసిపెట్టి ఉన్నాయి. యూరప్‌లో ఇంగ్లీషు పండితుడు రోజర్ బేకన్ 1267 ప్రాంతంలో దీన్ని పిల్లల ఆటవస్తువుగా ప్రస్తావించాడు. బొటనవేలంత ఉంటుందనీ, పేలితే భయంకరమైన చప్పుడు వస్తుందనీ రాశాడు. కరెంటు కూడా లేని రోజుల్లో వాళ్లు చేయగలిగినది, ఇన్ని పనిముట్లున్న మనం చేయలేమా?

ఈ వాదనలో ఒకే ఒక్క పొరపాటుంది. పాళ్లు తెలిస్తే పని తెలిసినట్టే అనుకోవడం. తుపాకిమందు విషయంలో పాళ్లు ఎన్నడూ రహస్యం కాదు. అందుకే ఈ వ్యాసంలో వాటి జోలికి పోవడం లేదు, చేసే పద్ధతి జోలికి అసలే పోవడం లేదు. చిక్కంతా పాళ్లు తెలిశాకే మొదలవుతుంది.

నిజానికి ఆ మూడు దినుసులైనా అంత సులువుగా దొరికినవి కావు. సురేకారం కోసం ఒకప్పుడు రాజ్యాలు జనం ఇళ్లలోకి చొరబడ్డాయి. పేడ, మూత్రం ఇంకిన మట్టిలో అది పుడుతుంది కాబట్టి, ఇంగ్లండులో రాజుగారి మనుషులు గడపలు దాటి వచ్చి పశువుల కొట్టాల నేల తవ్వుకుపోయేవారు. 1626లో ఒకటో చార్లెస్ రాజు ప్రజలంతా మూత్రం దాచిపెట్టి అప్పగించాలని ఆజ్ఞ కూడా జారీ చేశాడు. ఆ గొడవ తీర్చింది బీహార్. పట్నా చుట్టుపక్కల ఊళ్లలో నునియా కులస్థులు మట్టిని గీరి, కడిగి, కాచి తీసిన సురేకారం ఈస్టిండియా కంపెనీ ఓడల అడుగున బరువుగా లండన్ చేరేది. 18వ శతాబ్దంలో బ్రిటన్ చేసిన యుద్ధాల్లో పేలిన మందులో సింహభాగం అక్కడి మట్టిదే. సరే, అది వేరే పెద్ద కథ.

కట్టెకన్నా బలహీనం

కిలో ఎండుకట్టెలు కాలిస్తే సుమారు 15 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో తుపాకిమందు కాలిస్తే వచ్చేది సుమారు 3. శక్తి లెక్కన చూస్తే ఇది పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాని సరుకు. మరి కోటగోడలు ఎలా కూల్చింది?

కట్టె మండాలంటే గాలి అందాలి. గాలి అందే వేగమే మంటకు కళ్లెం. తుపాకిమందుకు ఆ కళ్లెం లేదు. అది తనకు కావలసిన ఆక్సిజన్‌ను సురేకారంలో దాచుకుని వెంట మోసుకొస్తుంది. బొగ్గు ఇంధనం. గంధకం తక్కువ వేడికే అంటుకుని మిగతా రెండింటినీ నిద్రలేపుతుంది. ఈ మూడూ పక్కపక్కనే ఉన్నంతకాలం బయటి గాలితో పనిలేదు, మూసిన గొట్టంలోనైనా మండుతుంది. మూసిన గొట్టంలో మండితే పుట్టిన వాయువుకు దారి ఉండదు. ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మంట ఇంకా జోరందుకుంటుంది, ఆ జోరు ఒత్తిడిని మరింత పెంచుతుంది. ఆరుబయట చిటికెడు పొడి పోసి ముట్టిస్తే బుస్సుమని తెల్లటి పొగ లేచి ఊరుకుంటుంది. అదే పొడి బిగించిన గొట్టంలో ఉంటే గొట్టాన్ని ముక్కలు చేస్తుంది. పొడి మారలేదు, దాని చుట్టూ ఉన్న గోడ మారింది.

ఆ తెల్లటి పొగకూ కారణముంది. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు మూసిన ఉక్కుపాత్రల్లో మందు పేల్చి కొలతలు తీశారు. ఆ ఫలితాలు 1875లో వెలువడ్డాయి. కాలిన మందులో సగం కూడా వాయువుగా మారదని వాళ్లు తేల్చారు. మిగతాదంతా పొటాషియం లవణాల రూపంలో కొంత పొగై లేస్తుంది, కొంత గొట్టం లోపలి గోడకు మసిగా అంటుకుంటుంది. పాత యుద్ధచిత్రాల్లో సైన్యాలు మేఘాల్లో నిలబడి పోట్లాడుతున్నట్టు కనిపించడం చిత్రకారుడి ఊహ కాదు. పేల్చిన తుపాకి దగ్గర వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా ఆ మసిలోని గంధకపు సమ్మేళనాలదే. ఆ మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది, అందుకే ఈ సరదా ఉన్నవాళ్లు పేల్చడానికి పట్టినంతసేపు కడగడానికీ పెట్టుకోవాలి.

ఇక్కడొక మాట చాలామందిని మోసం చేస్తుంది. పేలుడు పదార్థాల వర్గీకరణలో తుపాకిమందును తక్కువ రకం అంటారు. డైనమైట్‌లో పేలుడు ధ్వనికన్నా వేగంగా దూసుకుపోతుంది. దీనిలో మంట అంతకన్నా నెమ్మదిగా పాకుతుంది. ఆ తేడాకే తక్కువ అన్న పేరు. అది వేగం గురించి చెప్పే మాట, ప్రమాదం గురించి కాదు. పైగా వాడుకలో ఉన్న చాలా పేలుడు పదార్థాలకు డెటొనేటర్ (పేలుడును రాజేసే చిన్న పరికరం) లేనిదే కదలిక ఉండదు. తుపాకిమందుకు ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ ఇనుము రాయికి తగిలినా పుడుతుంది, నైలాన్ చొక్కా రాపిడికైనా పుడుతుంది. ఈ లెక్కన గనుల్లో వాడే ఆధునిక పదార్థాలకన్నా ఈ ముసలి మందే చిరాకు మనిషి.

గింజే గడియారం

మొదటి కొన్ని వందల ఏళ్లు మందు ఉత్త పిండిగానే ఉండేది. అది తేమ పీల్చేది. గొట్టంలో గట్టిగా కూరితే మంట పాకడానికి సందు ఉండేది కాదు, వదులుగా పోస్తే ఇంకోలా ఉండేది. ఒకే ఫిరంగి పొద్దున ఒకలా, సాయంత్రం మరోలా పేలేది. 15వ శతాబ్దంలో యూరప్‌లో పిండిని ముద్దచేసి గింజలుగా మార్చడం మొదలైంది. కథ మలుపు తిరిగింది అక్కడ.

గింజల మధ్య సందులుంటాయి. మంట ఆ సందుల్లోంచి క్షణంలో అన్ని గింజల పైకీ పాకుతుంది. ఆ తర్వాత ఒక్కో గింజ పైనుంచి లోపలికి, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు, కాలుతూ పోతుంది. చిన్న గింజ చప్పున అయిపోతుంది, పెద్ద గింజకు సమయం పడుతుంది. అంటే గింజ సైజు ఒక గడియారం. చేతి తుపాకికి సన్నవి, ఫిరంగికి లావువి వాడటం అందుకే. ఫిరంగిలో గుండు బరువైనది, కదలడానికి సమయం తీసుకుంటుంది. అది కదిలేలోగా మందంతా కాలిపోతే ఒత్తిడి పోయే దారిలేక గొట్టం మీద పడుతుంది. అమెరికా సైన్యంలో థామస్ రాడ్మన్ అనే అధికారి 1850ల చివర్లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, మధ్యలో బెజ్జాలున్న పెద్ద బిళ్లలుగా మందు చేయించాడు. బిళ్ల బయటినుంచి కాలి చిక్కుతుంటే బెజ్జాలు లోపలినుంచి వెడల్పవుతాయి. మండే ఉపరితలం తగ్గకుండా నిలబడుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా కాకుండా గుండును తోస్తూ పోతుంది. పాళ్లు అవే, దినుసులు అవే. ఆకారం మారితే ఫిరంగి బతికింది.

ఇంటి మందు దగ్గర చాలామంది చూడనిది ఇదే. కర్మాగారపు డబ్బాలో ఉన్న గింజలు ఒకే సైజు జల్లెడ దాటినవి. సాంద్రత ఒకటే, తేమ ఒకటే, నిరుటి డబ్బాకూ ఈ ఏటి డబ్బాకూ తేడా రాకుండా పరీక్షించినవి. ఇంట్లో చేసినది ఈ వారం ఒక చెట్టు బొగ్గు, వచ్చే వారం ఇంకో చెట్టు బొగ్గు. ఈసారి ఎక్కువసేపు నూరారు, పోయినసారి తక్కువ. పోయిన నెల మందకొడిగా కాలిన మందుకు అలవాటుపడి ఎక్కువ పోయడం నేర్చుకున్న చెయ్యి, ఈ నెల బాగా కుదిరిన మందును కూడా అంతే పోస్తుంది. మంచి మందు చేయడం నేర్చుకున్న రోజే ఎక్కువ ప్రమాదం. వెక్కిరింపుగా ఉంటుంది గానీ, జరిగేది అదే.

వాగు అవతలికి

ఆంత్వాన్ లావోయిజియే పేరు రసాయనశాస్త్రం పుస్తకంలో ఆక్సిజన్ పక్కన చూసి ఉంటారు. ఆయన జీతం తీసుకున్న ఉద్యోగాల్లో ఒకటి ఫ్రాన్స్ ప్రభుత్వ తుపాకిమందు శాఖ నిర్వహణ. 1775లో ఆ పనిలో చేరాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఎల్యుతేర్ ఇరేనే డ్యూపాంట్ విప్లవం తర్వాత అమెరికా వెళ్లి, 1802లో డెలవేర్‌లో బ్రాండీవైన్ వాగు ఒడ్డున మందు మిల్లులు కట్టాడు. ఇప్పుడు నైలాన్, టెఫ్లాన్ అనగానే గుర్తొచ్చే డ్యూపాంట్ సంస్థకు పునాది అదే.

ఆ మిల్లుల గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ప్రతి గదికీ మూడు వైపులా మీటరు మందాన రాతిగోడలు. నాలుగో వైపు, వాగుకు ఎదురుగా, తేలికపాటి చెక్క. పైకప్పు కూడా తేలికే, వాగు వైపు వాలుగా ఉంటుంది. గది పేలితే ఆ దెబ్బ పక్క గదుల మీద పడకుండా నీళ్ల మీదుగా పోవాలని అలా కట్టారు. అంటే పేలుడు వస్తే ఏం చేయాలా అని కాదు, వచ్చి తీరుతుందన్న లెక్కతోనే తొలి రాయి వేశారు. పనివాళ్ల చెప్పులకు ఇనుప మేకులు ఉండకూడదు, చెక్క చీలలే. లోపలికి వెళ్లేముందు జేబులు వెతికేవారు. ఇంత చేసినా 1818 మార్చిలో జరిగిన పేలుడులో 30 మందికి పైగా చనిపోయారు. 1857లో మిల్లులు కట్టిన డ్యూపాంట్ కొడుకు అలెక్సిస్ కూడా అలాగే పోయాడు. 1921లో మిల్లులు మూతపడేలోగా మొత్తం 200 మందికి పైగా బలయ్యారు. అక్కడి పనివాళ్ల వాడుకలో పేలుడులో పోయినవాణ్ని చచ్చిపోయాడు అనేవారు కాదు. వాగు అవతలికి వెళ్లాడు అనేవారు.

ఇంగ్లండులో వాల్తమ్ ఆబీ అనే చోట ప్రభుత్వ మిల్లులుండేవి. అక్కడి ఏర్పాటు ఒకటి చూస్తే ఈ వృత్తి బుద్ధి అర్థమవుతుంది. మందు నూరే బరువైన చక్రాల పైన నీళ్ల తొట్టి వేలాడుతూ ఉంటుంది. దాని పక్కనే ఒక చెక్కపలక. కింద మందు అంటుకుంటే ఆ ఊపుకు పలక పైకి లేస్తుంది, తొట్టి బోర్లపడుతుంది. ఒక్క తొట్టే కాదు, పక్క గదుల తొట్లు కూడా ఒకే కడ్డీకి కట్టి ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి కుమ్మరిస్తాయి. ఈ గది ఎలాగూ పోయింది, పక్కది దక్కాలి. చక్రం తిరుగుతుండగా మనిషి గదిలో ఉండడు.

ఈ వృత్తి నేర్చుకున్నదంతా ఒక్క దిశలోనే నడిచింది: చేతిని మందు నుంచి దూరం జరపడం. ముందు చేతి రోకలి పోయింది, తర్వాత మనిషి గది బయటికి వెళ్లాడు, ఇప్పుడు మట్టికట్ట వెనక కూర్చుని తెరమీద చూస్తూ మరలు నడుపుతున్నాడు. ఇంట్లో చేసేవాడు ఆ దారంతా వెనక్కి నడిచి మళ్లీ రోకలి దగ్గర నిలబడతాడు. అతని చెయ్యి, ముఖం, మందు, మూడూ మూరెడు దూరంలో ఉంటాయి. తావో గ్రంథంలో కాలినవి కూడా అవే. వృత్తి తెలిసినవాళ్లకు మినహాయింపేమీ లేదు. పాత తుపాకుల కోసం తుపాకిమందుకు బదులుగా పైరోడెక్స్ అనే ప్రత్యామ్నాయాన్ని కనిపెట్టిన డాన్ పావ్లాక్ 1977లో తన తయారీ కేంద్రంలో జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు.

ఫిరంగి పక్కన

మందు మంచిదే అనుకుందాం. గొట్టం సంగతి? స్కాట్లండు రాజు రెండో జేమ్స్‌కు ఫిరంగులంటే మహా మోజు. 1460లో రాక్స్‌బరో కోట ముట్టడిలో తన ఫిరంగి పక్కనే నిలబడి చూస్తుండగా అది బద్దలై ప్రాణం తీసింది. 1844 ఫిబ్రవరి 28న అమెరికా యుద్ధనౌక ప్రిన్స్‌టన్ మీద, అధ్యక్షుడు జాన్ టైలర్‌తో సహా వందల మంది అతిథుల ఎదుట, కొత్త పెద్ద ఫిరంగిని పేల్చి చూపించారు. దాని పేరు పీస్‌మేకర్, అంటే శాంతిదూత. ఆ రోజు మొదట పేల్చినప్పుడు బాగానే పేలింది. చివరిసారి గొట్టం చీలి విదేశాంగ మంత్రి, నౌకాదళ మంత్రి సహా ఆరుగురు చనిపోయారు. టైలర్ అప్పటికి కింది అంతస్తులో ఉండటంతో బతికిపోయాడు. రాజుకూ మంత్రులకూ దక్కని హామీ పైపు ముక్కకు మూత వెల్డింగు చేయించుకున్నవాడికి దక్కదు. నీళ్ల పైపు నీళ్ల ఒత్తిడికి చేసినది, దాని అతుకు ఎక్కడ వదులుతుందో దానికే తెలియదు. కంచు ఫిరంగి బద్దలయ్యే ముందు ఉబ్బి, చిరిగి కొంత సూచన ఇస్తుంది. పోత ఇనుము ఏమీ చెప్పదు, పెంకుల్లా ఎగిరిపోతుంది. అందుకే పద్ధతిగా నడిచే బృందాలు ఇనుప నమూనా ఫిరంగుల లోపల అతుకులేని ఉక్కు గొట్టం తొడిగి ఉండాలని పట్టుబడతాయి.

ఆ బృందాలు ఫిరంగి నింపుతుంటే దగ్గరగా చూస్తే ఒక్క కదలికా వృథాగా ఉండదు. పేల్చిన వెంటనే ఎవరూ గొట్టం దగ్గరికి పోరు, గడియారం చూస్తూ ఆగుతారు. తర్వాత ఒకరు మరమేకులా మెలితిరిగిన ఇనుప కొక్కేన్ని లోపల తిప్పి, మిగిలిపోయిన మందు పొట్లపు రేకు ముక్కలేవైనా ఉంటే లాగుతారు. ఆపైన కర్ర చివర కట్టిన తడి కుచ్చు దూర్చి తుడుస్తారు, ఆపైన పొడి కుచ్చు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇంకొకరు వెనక భాగంలోని నిప్పు బెజ్జాన్ని తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో మూసి ఉంచుతారు. గొట్టంలో కుచ్చు దూర్చితే గాలి ఆ బెజ్జంలోంచి పోతుంది, లోపల నివురుగప్పిన రవ్వ ఉంటే అది కొలిమితిత్తి ఊదినట్టు రాజుకుంటుంది. ఆ వేలు అక్కడ ఉండేది అందుకు. మందు విడిపొడిగా పోయరు, ముందే రేకులో చుట్టి పెట్టుకున్న పొట్లాన్ని పెడతారు. దట్టించే మనిషి గొట్టం మూతికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, కర్రను పిడికిలి బిగించకుండా బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉండేలా పట్టుకుంటాడు. మందు ముందే పేలితే కర్ర ఎగిరిపోవాలి, దానితో చెయ్యి పోకూడదు.

ఫిరంగి సరదాలో పోయిన చేతులు ఎక్కువగా ఈ నింపే దశలోనే పోయాయి. కంగారు, ఇంకో రౌండు చూపించాలన్న ఆత్రం, కుచ్చు తడపడం మరిచిపోవడం. మరో పెద్ద పొరపాటు పొగరాని మందును తుపాకిమందుకు బదులు పోయడం. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేయ్ కనిపెట్టిన ఆ మందు శక్తి చాలా ఎక్కువ. చూడటానికి పొడిలానే ఉంటుంది. తుపాకిమందు కొలతలో దాన్ని పోస్తే ఏ పాత గొట్టమూ తట్టుకోదు.

ఆకాశంలో పూసే పూలు

బాణసంచా వాళ్ల దగ్గర ఈ పొడి ఒకేసారి మూడు నాలుగు ఉద్యోగాలు చేస్తుంది. ఆకాశంలో పువ్వులా విచ్చుకునే గుండునే తీసుకోండి. కింద ఉన్న మందు దాన్ని గొట్టంలోంచి పైకి తన్నుతుంది. అదే క్షణంలో వత్తి అంటుకుని కొన్ని సెకన్లు లెక్కపెడుతుంది. ఎత్తుకు చేరాక లోపలి మందు గుండును పగలగొట్టి రంగుబిళ్లలను చిమ్ముతుంది. ఆ బిళ్లలు అంటుకోవడానికి వాటి మీద పూత కూడా చాలాసార్లు ఇదే. ఒక్కో పనికి ఒక్కో వేగం కావాలి. వత్తి అరసెకను ముందు కాలిపోతే పువ్వు చూసేవాళ్ల తలమీద పూస్తుంది.

ఒట్టి తుపాకిమందు ఇచ్చేది బంగారు, నారింజ రవ్వలే. 19వ శతాబ్దం దాకా యూరప్ రాజుల ఉత్సవాల్లో ఆకాశమంతా దాదాపు ఆ రంగే. స్ట్రాన్షియంతో ఎరుపు, బేరియంతో ఆకుపచ్చ, రాగితో నీలం రావాలంటే ఇంకా వేడి మంట కావాలి. ఆ వేడి తెచ్చిపెట్టింది క్లోరేటు, సురేకారంలాగే ఆక్సిజన్ దాచుకునే లవణం. దానితోపాటే కొత్త గండం కూడా వచ్చింది.

ఆ గండం రుచి ముందుగా చూసింది మళ్లీ లావోయిజియే బృందమే. క్లోద్ బెర్తొలే కొత్తగా కనిపెట్టిన పొటాషియం క్లోరేటును సురేకారం స్థానంలో వాడితే ఇంకా బలమైన మందు వస్తుందని ఆశపడ్డారు. 1788 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని ఎసోన్ మిల్లులో పరీక్ష పెట్టారు. లావోయిజియే, ఆయన భార్య, బెర్తొలే మిశ్రమం నూరడం కాసేపు చూసి ఉదయం ఫలహారానికి బయటికి వచ్చారు. తిరిగి వెళ్లేలోగా అది పేలింది, లోపల మిగిలిన ఇద్దరు చనిపోయారు. క్లోరేటు, గంధకం కలిస్తే రాపిడికే అంటుకుంటాయని ఆ తర్వాత వందేళ్లపాటు చాలామంది బాణసంచా పనివాళ్లు తమ ప్రాణాలతో రుజువు చేశాక, 1894లో బ్రిటన్ ఆ రెండింటినీ బాణసంచాలో కలపడాన్ని నిషేధించింది. ఇప్పటి అభిరుచిపరుల్లో ప్రమాదానికి దగ్గరి దారి కూడా ఇదే: తుపాకిమందు కొంచెం అలవాటయ్యాక దాన్ని మెరుగుపరుద్దామన్న ఉత్సాహం. అలవాటైన మూడు దినుసుల్లో ఒకటి మార్చినా అది పాత పొడి కాదు, పాత అనుభవమంతా అక్కడ సున్నా.

చట్టం ఈ వ్యవహారాన్ని దేశానికో రకంగా చూస్తుంది. అమెరికాలో ఒక వింత మెలిక ఉంది. పాతకాలపు ఆయుధాల్లో క్రీడకో వేడుకకో వాడేందుకైతే 50 పౌండ్ల వరకు, అంటే దాదాపు 23 కిలోల తుపాకిమందుకు కేంద్ర పేలుడు పదార్థాల చట్టం నుంచి మినహాయింపు ఇచ్చారు. కానీ ఆ మినహాయింపులో కర్మాగారంలో తయారై అమ్మకానికి వచ్చినది అన్న షరతు ఉంది. ఇంట్లో చేసినది దాని కిందికి రాదు. కొన్న డబ్బానే బాణసంచాకు వాడినా రాదు. డబ్బా ఒకటే, ఫిరంగిలో పోస్తే ఒక నియమం, బాణసంచా గుండులో పోస్తే ఇంకొకటి. దాని పైన రాష్ట్రాల చట్టాలు వేరు. బ్రిటన్‌లో కొని దగ్గర ఉంచుకోవడానికే పోలీసుల ధ్రువపత్రం కావాలి. భారత్‌లో 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం కింద లైసెన్సు లేకుండా చేయడం నేరం. చేసేవాడు తన ఒళ్లు కాల్చుకోవడం ఒక్కటే అయితే చట్టానికి ఇంత పట్టింపు ఉండేది కాదేమో. 1654లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో నిల్వ ఉంచిన మందు పేలితే ఊళ్లో పెద్ద భాగం నేలమట్టమైంది. ఎవరి పని వాళ్లు చేసుకుంటున్న జనం పోయారు. వాళ్లలో ఒకడు తన ఇంట్లో బొమ్మ వేసుకుంటున్న చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియస్.

మరి సరదా ఉన్నవాడు ఏం చేయాలి? ఫిరంగులకు శిక్షణ ఇచ్చే బృందాలున్నాయి, బాణసంచాకు 1969లో మొదలైన పైరోటెక్నిక్స్ గిల్డ్ ఇంటర్నేషనల్ లాంటి సంఘాలున్నాయి. అక్కడ కూడా ముందు నేర్పేది పక్కన నిలబడి చూడటమే. అది విసుగు పుట్టించే మాట వాస్తవం.

ఆ విసుగుకు ఒకసారి మంచి జవాబు దొరికింది. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక అమెరికాలో పిల్లలు గరాజుల్లో సొంతంగా రాకెట్ మందు కలపడం మొదలుపెట్టారు. వేళ్లు పోయాయి, కళ్లు పోయాయి. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా పిచ్చి. ఆయన అప్పటికే అట్టగొట్టంలో తుపాకిమందు బిగించిన చిన్న మోటారు చేసి, రాకెట్ పరీక్షా కేంద్రంలో పనిచేసే హ్యారీ స్టైన్‌కు పంపించాడు. పిల్లాడు రాకెట్ కట్టుకోవచ్చు, మందు మాత్రం ముట్టుకోకూడదు. స్టైన్ ఆ ఆలోచనను పట్టుకున్నాడు. మోటార్లు వేలల్లో కావలసి వచ్చేసరికి, డెన్వర్‌లో బాణసంచా వ్యాపారి ఇంట్లో పుట్టిన వెర్న్ ఎస్టెస్ ఒక యంత్రం చేశాడు. దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. మేబెల్ అట్టగొట్టాన్ని తనే తీసుకుని, బంకమట్టి, మందు తనే దట్టించి, కొన్ని సెకన్లకో మోటారు చొప్పున బయటికి తోసేది.

2021లో, అమెరికాలో తుపాకిమందు చేస్తున్న ఏకైక పెద్ద కర్మాగారం, లూసియానాలోని గోయెక్స్, మూతపడుతున్నట్టు ప్రకటన వచ్చింది. డబ్బాలు దొరక్క ఇంట్లో చేసుకోవడం గురించి మాటలు మళ్లీ జోరందుకున్నది అప్పుడే. మరుసటి ఏడాది ఆ కర్మాగారాన్ని కొన్నవాళ్లు కూడా ఎస్టెస్ పేరుతో నడిచే సంస్థవాళ్లే. పిల్లల రాకెట్ మోటార్లలోకి వెళ్లే మందు ఎక్కడో ఒకచోట తయారు కావాలి కదా.